వ్యసనం, మానసిక జబ్బులు: మనసు వల్ల ఎంత, చుట్టూ ఉన్న పరిస్థితుల వల్ల ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

తాగుడు మానలేకపోవడం జబ్బేనా, లేక ముదిరిపోయిన అలవాటా?

డాక్టర్లు దీన్ని తేల్చడానికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే పుస్తకంలో (అమెరికా సైకియాట్రిస్టులు జబ్బులు గుర్తించడానికి రాసుకున్నది) దీనికి 11 లక్షణాలు ఉంటాయి, ఒక ఏడాదిలో వాటిల్లో రెండో మూడో కనబడితే తేలికపాటిది అంటారు, నాలుగైదు ఉంటే మధ్యరకం, ఆరు లేదా అంతకన్నా ఎక్కువైతే తీవ్రం. ఆ పదకొండూ చదివితే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుద్ది, రోజుకి ఇన్ని పెగ్గులు దాటితే జబ్బు అన్న లెక్క అందులో ఎక్కడా లేదు. అనుకున్నదానికన్నా ఎక్కువైపోవడం, తగ్గిద్దామని చూసి తగ్గించలేకపోవడం, ఇంట్లో గొడవలవుతున్నా ఆపకపోవడం, ఒకప్పుడు ఇష్టంగా చేసిన పనులు ఒక్కొక్కటే వదిలేయడం, ఇలాంటివి ఉంటాయి. కాబట్టి "వాడు నాకన్నా తక్కువే తాగుతాడు, వాడికేం జబ్బు" అనే వాదన పనిచెయ్యదు. తక్కువ తాగుతూ కూడా జీవితం మొత్తం దాని చుట్టూనే తిరిగేవాళ్ళు ఉన్నారు.

అయితే విల్ పవర్ లేకపోవడమే కదా?

ఈ మాట అనేవాళ్ళు ఒకసారి ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందో గమనించండి. డబ్బు సర్దడం, దాచిపెట్టడం, వాసన రాకుండా చూసుకోవడం, ఏ అబద్ధం ఎవరికి చెప్పాడో గుర్తుపెట్టుకోవడం, ఇంత పట్టుదల మామూలు ఉద్యోగంలో చూపిస్తే ప్రమోషన్ ఇస్తారు. పట్టుదల ఉంది, కానీ అదంతా ఒకే దిక్కుకి పోతోంది. ఎందుకు అటే పోతోంది అన్నదే అడగాల్సిన ప్రశ్న, ఈ పేజీలో మిగతాదంతా దాదాపు దాని గురించే.

మా నాన్న తాగేవారు, నాకూ వస్తదా?

రిస్క్ ఎక్కువే, గ్యారంటీ మాత్రం లేదు. వ్యసనంలో వంశపారంపర్యం వాటా 40 నుంచి 60 శాతం దాకా ఉంటుందని కవల పిల్లల మీద చేసిన స్టడీలు చెప్తాయి. ఈ అంకెని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు, "నాకు వచ్చే ఛాన్స్ సగానికి సగం" అని కాదు దానర్థం. జనంలో ఒకరికీ ఇంకొకరికీ మధ్య కనబడే తేడాలో అంత భాగం జీన్స్‌తో (తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువులతో) వివరించొచ్చు అని మాత్రమే. మిగతా భాగం పెరిగిన ఇల్లు, స్నేహాలు, ఏ వయసులో మొదలెట్టారు, చేతికి ఎంత సులువుగా దొరుకుతుంది, ఇవన్నీ. పైగా తాగే తండ్రి ఉన్న ఇంట్లో పిల్లలకి జీన్స్ ఒక్కటే రావు, ఆ ఇంటి రాత్రులు కూడా వస్తాయి, ఈ రెండిటినీ విడదీసి చూడటం రీసెర్చర్లకే కష్టం. మీరు చెయ్యగలిగింది ఏంటంటే, మొదలుపెట్టకపోవడం లేదా వీలైనంత లేటుగా మొదలుపెట్టడం, ముఖ్యంగా బాధలో ఉన్నప్పుడు దాన్ని మందులా వాడకపోవడం.

ఒకే గ్యాంగ్‌లో పదిమంది తాగితే ఒకడే ఎందుకు ఇరుక్కుపోతాడు?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా మంచి ప్రశ్న ఇది.

ముందు ఒక పెద్ద ఉదాహరణ. వియత్నాం యుద్ధంలో ఉన్న అమెరికన్ సైనికుల్లో హెరాయిన్ విపరీతంగా పాకింది, ప్రభుత్వం భయపడిపోయి 1971లో తిరిగొచ్చిన వాళ్ళని ఫాలో చెయ్యమని లీ రాబిన్స్ అనే రీసెర్చర్‌కి అప్పజెప్పింది. వాళ్ళలో దాదాపు సగం మంది అక్కడ హెరాయినో నల్లమందో ఏదో ఒకటి ట్రై చేశారు, సుమారు 20 శాతం మంది అక్కడ ఉండగా వ్యసనంలోకే వెళ్ళిపోయారు. ఇక ఇళ్ళకి వచ్చాక వీళ్ళంతా వీధుల్లో పడతారు అని అందరూ అనుకున్నారు. కానీ అలా వ్యసనంలో పడ్డ వాళ్ళలో మొదటి ఏడాదిలో మళ్ళీ ఆ స్థితికి వెళ్ళింది సుమారు 5 శాతమే, అదీ చాలామందికి ట్రీట్‌మెంట్ లేకుండానే. అదే రోజుల్లో మామూలుగా ఊళ్ళో హెరాయిన్‌కి అలవాటుపడి ట్రీట్‌మెంట్ తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది మళ్ళీ మొదలెట్టేవాళ్ళు. మందు ఒకటే, శరీరాలు ఒకలాంటివే, మారింది ఏంటి? యుద్ధం లేదు, భయం లేదు, బోర్ లేదు, చవగ్గా దొరకడం లేదు, పక్కన తీసుకునే తోటి సైనికుడు లేడు, ఎదురుగా ఇల్లు, పని, మనుషులు ఉన్నారు.

దీన్ని పట్టుకుని "అంతా పరిస్థితుల ప్రభావమే, మందులో ఏమీ లేదు" అనేవాళ్ళూ ఉన్నారు, అది మరీ అతి. అక్కడ పడిపోయిన వాళ్ళందరూ ముందు నుంచి వ్యసనపరులు కారు కాబట్టే అంత మంది తేలిగ్గా బయటపడ్డారు, ఎవరికైతే మత్తు తప్ప వేరే ఆధారం లేదో వాళ్ళ కథ వేరు.

ఇప్పుడు మీ పదిమంది దగ్గరికొద్దాం. తొమ్మిది మందికి ఆ గ్లాసు సరదా, పదోవాడికి అది పని చేసిపెడుతోంది. వాడికి నలుగురిలో మాట పెగలదు, గుండె దడ, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు, రెండు పెగ్గులు పడేసరికి జీవితంలో మొదటిసారి పక్కవాడి భుజం మీద చెయ్యేసి జోకేశాడు. మిగతా తొమ్మిది మంది పొద్దున్నే తలనొప్పితో లేచి మర్చిపోయారు, వీడు మాత్రం "ఓహో, నార్మల్‌గా ఉండటం అంటే ఇలా ఉంటుందన్నమాట" అని గుర్తుపెట్టుకున్నాడు. ఎడ్వర్డ్ ఖాంట్‌జియన్ అనే సైకియాట్రిస్ట్ 1985లో దీన్నే సెల్ఫ్ మెడికేషన్ అన్నారు, తట్టుకోలేని ఒక ఫీలింగ్‌కి మనిషి తనే మందు వేసుకోవడం. అందుకే కౌన్సెలింగ్‌లో "ఎందుకు మానవు" అనే దానికన్నా "అది నీకేం చేసిపెడుతోంది" అనే ప్రశ్న చాలా దూరం తీసుకెళ్తుంది. నిద్ర కోసమా, ఒంటరితనానికా, కోపం మింగడానికా, ఏదో గుర్తురాకుండా ఉండటానికా. ఆ పని ఇంకో దారిలో జరిగే ఏర్పాటు చెయ్యకుండా సీసా ఒక్కటి లాక్కుంటే వాడు ఇంకో సీసా వెతుక్కుంటాడు, లేదా సీసా ప్లేస్‌లో నిద్రమాత్రలు వస్తాయి.

చిన్నప్పుడు జరిగినవి పెద్దయ్యాక ఇంత ప్రభావం చూపిస్తాయా?

చూపిస్తాయి, కాస్త భయపెట్టేంతగా. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే ఇద్దరు డాక్టర్లు అమెరికాలో శాన్‌డియాగోలో 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళని చిన్నతనం గురించి అడిగారు, 1998లో మొదటి ఫలితాలు బయటికొచ్చాయి. కొట్టడం, తిట్టడం, లైంగిక వేధింపు, ఇంట్లో తల్లిని కొడుతుంటే చూడటం, ఇంట్లో ఎవరో ఒకరికి తాగుడో మానసిక జబ్బో ఉండటం, ఎవరైనా జైలుకెళ్ళడం, ఇలాంటివి ఎన్ని జరిగాయో లెక్కపెట్టారు. నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్ళకి, ఒక్కటీ లేనివాళ్ళతో పోలిస్తే తాగుడు, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్యాప్రయత్నం రిస్క్ 4 నుంచి 12 రెట్లు ఉంది. వాళ్ళలో చదువుకున్న, ఉద్యోగాలున్న, ఇన్సూరెన్స్ ఉన్న జనమే ఎక్కువ, ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎందుకంటే, రోజూ ఏ క్షణాన ఏమవుద్దో తెలీని ఇంట్లో పెరిగిన పిల్లాడి ఒళ్ళు ఎప్పుడూ అలర్ట్‌లో ఉండటం నేర్చుకుంటుంది. తలుపు చప్పుడు బట్టే తండ్రి ఎంత తాగి వచ్చాడో చెప్పేసే పిల్లలు ఉంటారు. ఆ అలర్ట్ ఆ ఇంట్లో పనికొచ్చింది, ముప్పై ఏళ్ళొచ్చాక ఆఫీసులో బాస్ తలుపు గట్టిగా వేసినా అదే దడ వస్తుంది, ఇక్కడ పనికిరాదు. దాన్ని చల్లార్చేది ఏది దొరికినా వదలబుద్ధి కాదు.

అయితే ఆ స్కోర్ జనం మొత్తం మీద పనికొచ్చే లెక్క, ఆన్‌లైన్ క్విజ్‌లో "నాకు ఆరొచ్చింది, ఇక నా పని అయిపోయింది" అనుకోవడానికి వాడకండి. నమ్మకంగా నిలబడ్డ ఒక్క పెద్ద మనిషి, టీచర్ కావచ్చు అమ్మమ్మ కావచ్చు, ఉంటే చాలా తేడా వస్తుంది, ఆ క్విజ్‌లో ఆ కాలమ్ ఉండదు.

డిప్రెషన్ వల్ల తాగుతున్నాడా, తాగడం వల్ల డిప్రెషనా?

రెండూ నిజం, చాలాసార్లు ఒకే మనిషిలో. మద్యం మొదట తేలిక చేస్తుంది, తర్వాత నిద్ర పాడు చేసి, మూడ్ దించేసి, ఉద్యోగం సంబంధాలు చెడగొట్టి అసలు డిప్రెషన్‌కి కావలసిన సరుకంతా తెచ్చిపెడుతుంది. ప్రాక్టికల్‌గా డాక్టర్లు ఏం చేస్తారంటే, మానేశాక కొన్ని వారాలు ఆగి చూస్తారు, కొంతమందికి మూడ్ దానంతటదే బాగవుతుంది, బాగవకపోతే విడిగా డిప్రెషన్ ఉన్నట్టు. కానీ పరిస్థితి తీవ్రంగా ఉంటే ఆగరు, రెండిటికీ ఒకేసారి మొదలెడతారు. "ముందు మందు మానేసి రా, తర్వాత డిప్రెషన్ చూద్దాం" అని తిప్పి పంపే చోటు అయితే ఇంకో చోటు వెతుక్కోండి.

పేదరికం వల్ల మానసిక జబ్బులొస్తాయా, జబ్బు వల్ల పేదరికం వస్తుందా?

ఇది దాదాపు వందేళ్ళ నాటి గొడవ. 1939లో ఫారిస్, డన్‌హామ్ అనే ఇద్దరు షికాగో సిటీలో ఏ ఏరియా నుంచి ఎంతమంది మానసిక ఆసుపత్రుల్లో చేరారో చూస్తే, సిటీ మధ్యలో పేద, అద్దె గదుల ఏరియాల నుంచి స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినబడటం, లేనిపోని అనుమానాలు పట్టుకోవడం లాంటివి ఉండే జబ్బు) కేసులు ఎక్కువ వచ్చాయి. అక్కడి బతుకు వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చాక చితికిపోయి చివరికి ఆ గదులకి చేరారా అని అప్పట్నుంచీ వాదన.

దీనికి ఒక చక్కటి జవాబు అనుకోకుండా దొరికింది. అమెరికాలో నార్త్ కరోలినాలో జేన్ కాస్టెల్లో అనే రీసెర్చర్ టీమ్ 1,420 మంది పిల్లల మానసిక ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి చూస్తూ ఉంది, వాళ్ళలో చెరొకీ అనే అమెరికా ఆదివాసీ తెగ పిల్లలు కూడా ఉన్నారు. మధ్యలో 1996లో ఆ తెగ వాళ్ళ భూమిలో కాసినో తెరుచుకుంది, లాభంలో వాటా ప్రతి కుటుంబానికీ రావడం మొదలైంది. వీళ్ళు దాని కోసం ఏమీ చెయ్యలేదు, డబ్బు అలా వచ్చిపడింది, కాబట్టి "తెలివైనవాళ్ళు బాగుపడ్డారు" అనడానికి లేదు. పేదరికం దాటిన కుటుంబాల పిల్లల్లో గొడవలు పడటం, ఎదురుతిరగడం లాంటి ప్రవర్తన సమస్యలు తగ్గి, అసలెప్పుడూ పేదలు కాని పిల్లల లెవెల్‌కి వచ్చేశాయి. ఎందుకో తవ్వి చూస్తే, తల్లిదండ్రులకి పిల్లల్ని చూసుకునే టైమ్, ఓపిక దొరికింది. ఇంకో పక్క యాంగ్జైటీ, డిప్రెషన్ మాత్రం అంతగా మారలేదు. అంటే డబ్బు కొన్నిటిని నేరుగా బాగుచేస్తుంది, కొన్నిటిని చెయ్యదు, జబ్బుని బట్టి ఉంటుంది.

స్కిజోఫ్రేనియా లాంటి పెద్ద జబ్బులు కూడా పెంపకం వల్ల వస్తాయా?

రావు. ఒకప్పుడు తల్లి పెంపకం వల్లే వస్తుందని సైకియాట్రిస్టులే చెప్పేవాళ్ళు, ఎంతమంది తల్లులు ఆ నింద మోస్తూ పోయారో. ఆ మాట ఎప్పుడో కొట్టేశారు. జీన్స్ పాత్ర ఇందులో చాలా పెద్దది. బయటి రిస్కులు ఉన్నాయి గానీ అవి వేరే: టీనేజ్‌లో బాగా ఎక్కువగా గంజాయి తాగడం, పెద్ద సిటీల్లో పుట్టి పెరగడం, వలస వెళ్ళి పరాయివాళ్ళలా బతకడం. వలస సంగతి 1932లోనే బయటపడింది, నార్వే నుంచి అమెరికాలో మిన్నెసోటాకి వెళ్ళినవాళ్ళలో ఈ జబ్బు ఎక్కువ ఉందని ఓడెగార్డ్ అనే డాక్టర్ రాశారు.

జబ్బు పెంపకం వల్ల రాదంటున్నారు, మరి ఇంట్లో వాళ్ళ తీరు గురించి డాక్టర్లు అంత క్లాస్ పీకుతారెందుకు?

జబ్బు రావడం వేరు, తగ్గాక మళ్ళీ తిరగబెట్టడం వేరు. ఇంటి పాత్ర రెండోదాంట్లో చాలా ఉంది.

లండన్‌లో జార్జ్ బ్రౌన్ అనే సోషియాలజిస్ట్ 1950ల్లో ఒక వింత గమనించారు, ఆసుపత్రి నుంచి కుటుంబం దగ్గరికి వెళ్ళిన స్కిజోఫ్రేనియా పేషెంట్లలో చాలామంది, విడిగా ఉన్నవాళ్ళకన్నా ఎక్కువగా తిరిగి అడ్మిట్ అవుతున్నారు. తర్వాత ఇంటివాళ్ళ మాటలు టేప్ చేసి వింటే మూడు విషయాలు తేలాయి: విమర్శ, ద్వేషం, మితిమీరిన పట్టింపు. ఇవి ఎక్కువున్న ఇళ్ళలో జబ్బు తిరగబెట్టడం సుమారు రెట్టింపు, ఆ తర్వాత వేరే దేశాల్లో కూడా ఇదే వచ్చింది. వారానికి 35 గంటలకన్నా ఎక్కువ ఎదురెదురుగా గడిపితే రిస్క్ ఇంకా పెరిగేది.

మూడోది చూశారా, మితిమీరిన పట్టింపు. అది ప్రేమతోనే చేస్తారు. మనిషి రీహాబ్ నుంచి వచ్చి వారం అయ్యింది అనుకోండి. బయటికి వెళ్ళి అరగంట లేటుగా వచ్చాడు. గుమ్మంలోనే తల్లి దగ్గరగా వచ్చి గాలి పీల్చుద్ది, అక్క కళ్ళలోకి చూస్తుంది, "ఏంట్రా ఎర్రగా ఉన్నాయి?", నిద్ర లేదక్కా, "ఫోన్ ఎందుకు ఎత్తలేదు?", ఛార్జింగ్ అయిపోయింది, తండ్రి ఏమీ అనడు, టీవీ సౌండ్ పెంచుతాడు. అతను ఆరోజు తాగలేదు. తాగకపోయినా ఇదే మర్యాద దక్కేటప్పుడు తాగితే పోయేదేముంది అనే లెక్క ఆ బుర్రలో మొదలవుద్ది. ఇంటివాళ్ళని తప్పుపట్టడం లేదు, ఏళ్ళ తరబడి మోసపోయినవాళ్ళు, వాళ్ళు వాసన చూడకుండా ఎలా ఉండగలరు. అందుకే వాళ్ళకి కూడా విడిగా సెషన్లు కావాలి. జబ్బు గురించి చెప్పి, మాట్లాడే పద్ధతి నేర్పే ఫ్యామిలీ సెషన్లు పెడితే తిరగబెట్టడం నిజంగానే తగ్గుతుంది, మందులతో పాటు పెడితే.

ఒక చిన్న పద్ధతి: "నువ్వెప్పుడూ ఇంతే" అన్న మాటని పూర్తిగా వదిలేసి, "నిన్న రాత్రి ఫోన్ ఎత్తకపోతే నాకు భయమేసింది" అని జరిగిన ఒక్క సంగతి గురించే చెప్పండి. మొదట్లో నాటకంలా అనిపిస్తుంది, పర్లేదు.

బాగానే ఉన్నాడు, నెలల తర్వాత ఒక్కసారిగా ఎందుకు మళ్ళీ మొదలెట్టాడు?

ఒక్కసారిగా అన్నది బయటవాళ్ళకి కనిపించేది. లోపల రెండు మూడు వారాల ముందే మొదలవుద్ది: నిద్ర చెడింది, గ్రూప్ మీటింగ్‌కి వెళ్ళడం మానేశాడు, ఎవరితోనో గొడవ, జేబులో డబ్బు, పాత ఫ్రెండ్ ఫోన్.

చుట్టూ ఉన్న చోటు కూడా ఇందులో ఉంటుంది. సాయంత్రం ఏడింటికి ఆఫీసు నుంచి వచ్చే దారి, ఆ మలుపు, ఆ షాపు లైటు, జీతం పడ్డ మెసేజ్ చప్పుడు, ఇవన్నీ ఏళ్ళ తరబడి మత్తుతో ముడిపడ్డాయి. మనిషి వద్దనుకున్నా ఒళ్ళు ముందే రెడీ అయిపోద్ది, నోరూరుద్ది, చిరాకు మొదలవుద్ది. రీహాబ్‌లో మూడు నెలలు క్రేవింగ్ (తాగాలనే తహతహ) అస్సలు రాలేదని సంతోషపడి, ఇంటి వీధిలో అడుగుపెట్టగానే చేతులు వణికినవాళ్ళు ఉన్నారు, అందులో ఆశ్చర్యం లేదు, రీహాబ్‌లో ఆ మలుపూ ఆ షాపూ లేవు కదా.

ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి ఇక్కడే చెప్పాలి. షెపర్డ్ సీగల్ అనే సైకాలజిస్ట్ టీమ్ 1982లో ఎలుకల మీద ఒక ప్రయోగం చేసింది, హెరాయిన్‌కి అలవాటుపడ్డ ఎలుకలకి ఒకే పెద్ద డోసు ఇచ్చారు. రోజూ ఇచ్చే గదిలో ఇస్తే సుమారు 32 శాతం చచ్చిపోయాయి, కొత్త గదిలో ఇస్తే 64 శాతం. తట్టుకునే శక్తి కూడా కొంత ఆ చోటుతో ముడిపడి ఉంటుందన్నమాట. దీనికి తోడు కొన్నాళ్ళు మానేస్తే శరీరం తట్టుకునే శక్తి అసలే పడిపోతుంది. అందుకే ఓపియాయిడ్స్ (హెరాయిన్, నల్లమందు లాంటివి) వాడేవాళ్ళకి జైలు నుంచో డిటాక్స్ (మత్తు ఒంట్లోంచి దింపే వైద్యం) నుంచో బయటికొచ్చిన మొదటి వారాలు అన్నిటికన్నా ప్రమాదం, పాత డోసే వేసుకుంటారు, అదే చంపేస్తుంది. ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే నలోక్సోన్ అనే విరుగుడు మందు గురించి డాక్టర్ని ముందే అడగండి.

ఇక ఒక్కసారి తప్పితే అంతా పోయినట్టేనా అంటే, అలా అనుకోవడమే అసలు ప్రమాదం. అలన్ మార్లాట్ అనే సైకాలజిస్ట్ దీని మీద చాలా పనిచేశారు. ఒక్క గ్లాసు తర్వాత "చెడిపోయానుగా, ఇంకేంటి" అనే సిగ్గే మనిషిని సీసా మొత్తం తాగిస్తుంది. ఆ రాత్రి ఇంటివాళ్ళు "మాకు తెలుసు" అంటే ఆ సిగ్గుకి సంతకం పెట్టినట్టే. దానికన్నా మర్నాడు పొద్దున కూర్చుని నిన్న ఏ గంటకి, ఎక్కడ, ఎవరితో, దానికి ముందు ఏం జరిగింది అని పోలీసు రిపోర్టులా కాకుండా మామూలుగా రాసుకుంటే వచ్చేసారికి పనికొస్తుంది.

"పూర్తిగా పాతాళానికి పడితే గానీ మారడు, వదిలెయ్యండి" అంటారు, నిజమా?

కాదు, ఈ సలహా వల్ల మనుషులు పోయారు. ఆ పాతాళం కొంతమందికి మార్చురీ. ఉద్యోగం, ఇల్లు, మనుషులు ఇంకా మిగిలి ఉండగా మొదలెట్టినవాళ్ళకే బయటపడే ఛాన్స్ ఎక్కువ, తిరిగి రావడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

గట్టిగా నిలదీస్తే మారతాడు అన్నది కూడా అంతే. విలియం మిల్లర్ 1983లో మొదలెట్టి తర్వాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంచిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే పద్ధతి మొత్తం దీని మీదే నడుస్తుంది, నిలదీసేకొద్దీ మనిషి తాగుడు పక్షాన వాదిస్తాడు, తన నోటితో తను మారాల్సిన కారణం చెప్పేలా చేస్తే కదులుతాడు. ఇంటివాళ్ళ కోసం క్రాఫ్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది, తాగని రోజు మనిషితో బాగా గడపడం, తాగిన రోజు గొడవ పడకుండా పక్కకి తప్పుకోవడం, అతను చేసిన తప్పుల ఫలితాన్ని కప్పిపుచ్చకపోవడం, సరైన టైమ్ చూసి ట్రీట్‌మెంట్ మాట ఎత్తడం, ఇలాంటివి నేర్పుతారు. ట్రీట్‌మెంట్‌కి ఒప్పించడంలో ఇది నిలదీసే పద్ధతుల కన్నా బాగా పనిచేసింది. కప్పిపుచ్చకపోవడం అన్నచోట జాగ్రత్త, ఆఫీసుకి "జ్వరం" అని ఫోన్ చెయ్యకండి, అంతేగానీ వాంతిలో పడి ఉంటే అలాగే వదిలెయ్యమని కాదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి లేవకపోతే అంబులెన్స్‌ని పిలవండి.

ఫోన్ గేమ్స్, ఆన్‌లైన్ బెట్టింగ్ కూడా వ్యసనమేనా? అందులో మందు లేదు కదా.

బెట్టింగ్ ఖచ్చితంగా. డీఎస్ఎం-5లో జూదాన్ని మద్యం, డ్రగ్స్ పక్కనే పెట్టారు. గేమింగ్ డిజార్డర్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో చేర్చింది, అది 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, దాని మీద ఇంకా వాదోపవాదాలున్నాయి, ఎక్కువ గంటలు ఆడినంత మాత్రాన జబ్బు కాదు.

ఎప్పుడొస్తుందో తెలీని బహుమతి అన్నిటికన్నా గట్టిగా పట్టేస్తుంది, ఇది బీఎఫ్ స్కిన్నర్ పావురాల మీద ఎప్పుడో చూపించారు. ప్రతిసారీ వస్తే బోర్ కొడుతుంది, అసలు రాకపోతే వదిలేస్తారు, అప్పుడప్పుడూ వస్తే నొక్కుతూనే ఉంటారు. యాప్‌లు కట్టేది దీని మీదే. దానికి తోడు కొద్దిలో మిస్సయినట్టు చూపించడం, పోయిన డబ్బు రాబట్టుకోవాలనే వేట. జూదంలో ఇంకో ఇబ్బంది ఏంటంటే వాసన రాదు, తూలడు, అప్పులవాళ్ళు ఇంటికొచ్చేదాకా ఎవరికీ తెలీదు, అందుకే ఇందులో ఆత్మహత్య ఆలోచనలు చాలా ఎక్కువ. అప్పు తీర్చి చేతులు దులుపుకుంటే సరిపోదు, డబ్బు కంట్రోల్ కొన్నాళ్ళు ఇంకొకరి చేతిలో ఉండాలి.

నలుగురికీ తెలిస్తే పరువు పోద్ది, గుట్టుగా మాన్పించొచ్చా?

పోస్టర్లు వెయ్యక్కర్లేదు. కానీ పూర్తి గుట్టు వల్ల ట్రీట్‌మెంట్ ఏళ్ళ తరబడి లేటవుద్ది, ఇదే పెద్ద నష్టం. ఇంకా లోతైన నష్టం, బయటి జనం అనే మాటలు ఆ మనిషి నిజమని నమ్మేయడం, "నాలాంటివాడికి ఎందుకులే" అని అపాయింట్‌మెంట్ కూడా మానేస్తాడు. ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులకి చెప్పండి చాలు.

ఏఏ లాంటి గ్రూపులు పనిచేస్తాయా?

చాలామందికి చేస్తాయి. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలో ఏక్రన్ అనే ఊళ్ళో మొదలైంది, అప్పట్నుంచీ నమ్మేవాళ్ళూ వెక్కిరించేవాళ్ళూ సమానంగా ఉన్నారు. 2020లో వచ్చిన కాక్రేన్ రివ్యూ (చాలా స్టడీలని కలిపి తూచే రిపోర్టు) ప్రకారం పూర్తిగా మానేయడం విషయంలో ఏఏ దారి మిగతా థెరపీలతో సమానంగానో కాస్త మెరుగ్గానో ఉంది. మంత్రం ఏమీ లేదు, సాయంత్రం పూట వెళ్ళడానికి తాగనివాళ్ళు ఉన్న ఒక గది దొరికింది, రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి దొరికాడు. దైవం మాటలు పడకపోతే అవి లేని గ్రూపులు కూడా ఉన్నాయి.

పిల్లలు ఇందులో పడకుండా భయపెట్టే వీడియోలు చూపించొచ్చా?

దండగ. ఒక్కరోజు లెక్చర్లు, భయపెట్టే ఫొటోలు పెద్దగా పనిచెయ్యవని చాలాసార్లు తేలింది. ఐస్‌లాండ్ ఏం చేసిందో చూడండి. 1998లో అక్కడ 15, 16 ఏళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒక్కసారైనా తాగి తూలినవాళ్ళే. వాళ్ళు పిల్లలకి నీతులు చెప్పడం తగ్గించి ఆటలు, సంగీతం క్లాసులకి డబ్బు పెట్టారు, రాత్రిపూట బయట తిరిగే టైమ్ మీద రూల్ పెట్టారు, తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేశారు, ప్రతి స్కూల్ సర్వే రిజల్ట్ ఆ స్కూల్‌కే ఇచ్చారు. 2016కి ఆ 42 కాస్తా 5 అయ్యింది. టీనేజర్‌కి థ్రిల్ కావాలి, గుంపు కావాలి, రెండూ ఇంకో చోట దొరికాయి.

ఇదంతా సామాజికం, మానసికం అంటున్నారు, అంటే మందులు అక్కర్లేదా?

దయచేసి అలా అర్థం చేసుకోకండి. కారణాల్లో పరిస్థితులున్నాయంటే వైద్యంలో మాత్రలు వద్దని కాదు. ఓపియాయిడ్ వ్యసనంలో మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ చావులని బాగా తగ్గిస్తాయి, ఇంత గట్టి ఆధారం ఉన్న కౌన్సెలింగ్ ఇందులో లేదు. తాగుడుకి నాల్ట్రెక్సోన్ లాంటివి క్రేవింగ్ తగ్గిస్తాయి. స్కిజోఫ్రేనియా, బైపోలార్ (మూడ్ అతిగా ఎగిసి, అతిగా పడిపోయే జబ్బు) అయితే మందులు ఆపడమే తిరగబెట్టడానికి పెద్ద కారణం.

ఇంకోటి, రోజూ బాగా తాగే మనిషిని ఒక్కరోజులో గదిలో పెట్టి తాళం వెయ్యకండి. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనబడటం, జ్వరం, వణుకు రావచ్చు, చూసుకోకపోతే ప్రాణం పోతుంది. డాక్టర్ పర్యవేక్షణలో మందులతో దింపాలి. నిద్రమాత్రలకి కూడా ఇదే.

"చచ్చిపోతా" అంటున్నాడు, బెదిరింపా నిజమా ఎలా తెలుస్తుంది?

తెలుసుకోవడానికి టైమ్ వేస్ట్ చెయ్యకండి, నిజమనే అనుకోండి. నేరుగా అడగండి, "చనిపోవాలనిపిస్తోందా, ఎలా అని ఆలోచించావా" అని, అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ఎలా అన్నదానికి జవాబుంటే ఆ వస్తువు ఇంట్లోంచి తీసెయ్యండి, ఒంటరిగా వదలకండి, అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. తాగి ఉన్నప్పుడు ఆవేశం ఎక్కువ, ఆలోచనకీ చేతకీ మధ్య గ్యాప్ నిమిషాల్లో ఉంటుంది, అందుకే వస్తువు దూరంగా ఉండటం అంత ముఖ్యం.

మొదటిసారి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం, ఏం చెప్పాలి?

ముందు నిజమైన లెక్క: ఏం తీసుకుంటున్నాడు, రోజుకి ఎంత, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఎన్ని గంటల క్రితం. తగ్గించి చెప్పకండి, విత్‌డ్రాయల్ (ఆపినప్పుడు వచ్చే వణుకు, ఫిట్స్ లాంటివి) మందు డోసు దాని మీదే వేస్తారు. ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయా, ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఏంటి, కుటుంబంలో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా, ఎప్పుడైనా చనిపోవాలని ప్రయత్నించాడా. ఇంటివాళ్ళు మొత్తం మాట్లాడేసి పేషెంట్‌ని బొమ్మలా కూర్చోబెడతారు చాలాచోట్ల, అలా కాకుండా అతనికి డాక్టర్‌తో విడిగా పావుగంటైనా ఇవ్వండి, మీ ముందు చెప్పలేనివి ఉంటాయి. మీరు చూసినవి ఒక కాగితం మీద రాసి ఇచ్చేస్తే సరిపోతుంది, ఆ కాగితంలో తేదీలు ఉంటే ఇంకా మంచిది.